సమ్మయ్య బావ అడిగిన ఒక్క మాట

మా సమ్మయ్య బావ ఇక లేడు. మొన్న ఆదివారం ప్రాతఃకాలాన హనుమకొండ దవాఖానలో హృద్రోగం ఆయనను కబళించింది. ఆ వేళకు నేను రఘునాథపల్లిలో ఒక రైతు ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. వార్త తెచ్చిన మనిషి నన్ను కాలు పట్టి బయటికి లాగి చెప్పాడు. నమ్మలేక అతణ్ణే నానా మాటలన్నాను. వరంగల్ చేరేదాకా బస్సులో నిలబడే వచ్చాను. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని మడిచి జేబులో పెట్టుకుని సంస్మరణ రాయడం నా చేత కాదు.

నేను ఆయన భార్య రాజమ్మకు తమ్ముణ్ణి. స్టేషన్ రోడ్డు షెడ్డులో ఏళ్ల తరబడి ఆయన పక్కనే రెంచీ పట్టినవాణ్ణి. కార్ల ఇంజన్ పనిలో ఆయన దక్షిణహస్తం సాక్షాత్తూ వరప్రసాదం. టాక్సీవాళ్లకు ఎప్పుడూ తొందరే కాబట్టి ఇంజన్ వేడి మీదనే చెయ్యి పెట్టేవాడు. "జర సల్లారనియ్యి బావా" అని నేనంటే, "సల్లారినంక ఎవలైన పట్టుకుంటరు, ఇగ మనమెందుకురా?" అనేవాడు.

అంతటి ధీరుడు గ్లౌజులు కొనే దగ్గర మాత్రం పిల్లను చూడబోయిన పెద్దమనిషికన్నా శంకాళువు. ముందు వాసన చూసేవాడు, తోలా రెగ్జినా అని. తొడుక్కుని చెయ్యి కిందికి విదిలించేవాడు. ఆ ఒక్క విదిలింపుతో గ్లౌజు ఊడి నేల మీద పడాలి. "బిగుసుకున్న గ్లౌజు మొండి సుట్టం లెక్క. కాలుతాందిరా పోరా అంటే పోదు" అని దుకాణంలోనే అందరినీ నవ్వించేవాడు. మణికట్టు దాటి మోచేతి దిక్కు రాకపోతే పక్కన పడేసేవాడు. చల్లగా ఉంటుందని గ్లౌజులు నీళ్లలో ముంచుకొచ్చిన వాణ్ణి షెడ్డంతా వినపడేట్టు తిట్టేవాడు, తడి ఆవిరై లోపలి చేతినే ఉడకబెడుతుంది గనక. ఆఖరున లోపలి అస్తరులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసేవాడు. బూడిదైతే నూలు. ముద్దకట్టి పూసలాగా వేలాడితే నైలాను. ఈ అగ్నిపరీక్ష నెగ్గని జత మా షెడ్డు గడప తొక్కలేదు. చాలాకాలం కొత్తవాడ నేతగాళ్ల దగ్గర మిగిలిన జంపఖానా ముక్కలతో కుట్టించుకున్న గ్లౌజులే మాకు దిక్కు.

ఇక్కడే ఆ సేటు ప్రవేశిస్తాడు. బజారులో సామాన్ల దుకాణం ఆయనది. పేరు రాయను, రాస్తే ఈ కాగితం మైలపడుతుంది. సమ్మయ్య వేసుకున్నాడంటే బజారులో ప్రతి మెకానిక్కూ కొంటాడని ఆయనకు తెలుసు. ఒక దసరా నాడు మేము రెంచీలు, జాకీలు కడిగి పూజకు పెట్టిన వేళ, ధగధగలాడే తోలు గ్లౌజుల జత తెచ్చి తన చేతులతోనే అమ్మవారి పటం ముందు పెట్టాడు. "అసలు తోలు, లోపల నూలు. పండుగకు నా దిక్కెల్లి, సమ్మయ్యా" అన్నాడు. మా అక్క అన్నిటితో పాటు వాటికీ పసుపు కుంకుమ పెట్టింది.

మర్నాడు "పోగు కాల్చి చూడవా బావా?" అని అడిగాను.

"అమ్మోరి ముంగట పెట్టి బొట్టు పెట్టినదానికి అగ్గి పెడ్తరారా? కండ్లు పోతయ్" అన్నాడు.

నాస్తికుడైతే నా బావ చెయ్యి దక్కేది. ఆ ఉదయమే తొర్రూరు నుంచి ఒక టాక్సీ పొగలు కక్కుతూ వచ్చింది. కణకణలాడుతున్న సైలెన్సర్ పైపును బావ కొత్త గ్లౌజులతో పట్టి లాగాడు. లోపలి నైలాను కరిగి అరచేతికి అతుక్కుంది. విదిలించాడు. గ్లౌజు ఊడలేదు. ఆయన కేక నాకు ఈనాటికీ వినపడుతుంది. దవాఖానలో గ్లౌజును కత్తిరించి తీస్తుంటే చర్మం దానితో పాటే వచ్చింది. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు.

సేటు వచ్చి తప్పయిందని ఒప్పుకుని ఉంటే బావ క్షమించేవాడే, అంతటి మెత్తని మనిషి. రాలేదు. పైగా బజారులో, "దసరా తాగుడు దిగలే, గ్లౌజులేం జేస్తయ్?" అని చాటాడు. జీవితాంతం చాయ్ తప్ప మరొకటి ముట్టని మహానుభావుడికి ఆ ద్రోహి పెట్టిన పేరు తాగుబోతు! జనం నమ్మారు. టాక్సీలు మా షెడ్డు ముందు ఆగడం మానేశాయి.

అప్పుడు చూశాను బావలోని ఉగ్రమూర్తిని. సేటు దుకాణం ఎదుటి చాయ్ హోటల్ బెంచీ మీద పొద్దున్నే ఆసీనుడయ్యేవాడు. గ్లౌజులు కొని దిగిన ప్రతివాణ్ణీ "అన్నా, జర ఇటు రా" అని పిలిచి, పళ్లతో పోగు లాగి, ఎడమచేత్తో అగ్గిపుల్ల గీసి చూపించేవాడు. పూస వేలాడగానే కొన్నవాడు తిరిగి దుకాణం మెట్లెక్కి లొల్లి పెట్టేవాడు. ఆహా, ఆ దృశ్యం నాకు కన్నుల పండుగ! సేటు దుకాణం వేరే గల్లీకి మార్చాడు. బావ కూడా అక్కడ మరో చాయ్ హోటల్ వెతుక్కున్నాడు. చివరికి సేటు గ్లౌజులమ్మడమే మానుకున్నాడు.

అలా మానుకోక ముందే ఒకసారి పెద్దమనుషులు ఇద్దరినీ రాజీకి కూర్చోబెట్టారు. గోదాములో కూర్చుని చేసే కొలువిస్తానన్నాడు సేటు. బావ తల అడ్డంగా ఊపాడు. "నీ కొలువు నాకెందుకు సేటూ? గా గ్లౌజులల్ల నైలానుండె, సమ్మయ్య తాగలే అని గీ నలుగుట్ల ఒక్క మాట చెప్పు. నేను బెంచీ దిగిపోత." సేటు లేచి చెప్పులేసుకున్నాడు. ఆ ఒక్క మాట కోసమే బావ ఇన్నేళ్లు బతికాడు.

మొన్న శవాన్ని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు సేటు పూలదండతో వచ్చాడు. వంగి, బావ చెవి దగ్గర నోరు పెట్టి, "తప్పయింది సమ్మయ్యా, నైలానే అది" అని గొణిగాడు. తల దగ్గర కూర్చున్న అక్కకూ నాకూ తప్ప ఎవరికీ వినపడలేదు.

అక్క కళ్లు తుడుచుకుంది. "గట్టిగ చెప్పు సేటూ. వాకిలి నిండ మంది ఉన్నరు."

ఆయన చుట్టూ చూశాడు. బజారంతా అక్కడే ఉంది. "సావుకాడ గవన్నెందుకమ్మా" అని దండ వేసి, తల వంచుకుని పోయాడు. అక్క ఆ దండ తీసి గోడ అవతలికి విసిరేసింది.

అటువంటి పనివాడు, అటువంటి పట్టుదల మా బజారుకు ఇక రావు. రివాజు ప్రకారం ఆయన ఆత్మకు శాంతి కలగాలని రాసి నేను ఇక్కడ చేతులు జోడించాలి. చేతులు జోడిస్తాను, శాంతి మాత్రం కోరను. బావా, అప్పుడే శాంతించకు. ఆ మనిషి పదిమందిలో నోరు తెరిచేదాకా వాణ్ణి నిద్రపోనియ్యకు.