మడిలోకి వచ్చిన మోటారు

నా బీరువా కింది అర నిండా బ్యాటరీతో నడిచే పనిముట్లే. ప్రొద్దుటూరులో గుమాస్తా పని చేసుకునే నీకు ఇవన్నీ దేనికని ఎవరైనా అడిగితే ఫోను చూపించాలి. ఫోనులో వీడియో వస్తుంది, అందులో ఒకడు నవ్వుతూ గోడకు స్క్రూ బిగిస్తాడు, మూడో రోజుకు పెట్టె మా గుమ్మంలో ఉంటుంది. ఆ స్క్రూడ్రైవరు నాలుగు గంటలు ఛార్జింగు తాగి, నాలుగు స్క్రూలు తిప్పి ఆయాసపడుతుంది. ఐదోది చేత్తోనే బిగించుకోవాలి. సీసా మూతలు తీసే యంత్రం ఒకటుంది. దాన్ని మూతమీద సరిగ్గా కూర్చోబెట్టేలోగా మా ఆవిడ మూత తీసి, ఊరగాయ వడ్డించి, మళ్లీ మూత పెట్టేస్తుంది. పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం అందామా అంటే, దానికి కనీసం పిచ్చుకైనా చస్తుంది.

అన్నీ దండగే అనను. పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి తోట ఉన్న స్నేహితుడికి కొమ్మలు కత్తిరించే బ్యాటరీ కత్తెర ఇచ్చాను. "మామా, ఇది శానా పనికొస్తాంది. సాయంత్రానికి చెయ్యి పట్టేయడంల్యా" అన్నాడు. ఆ మాటతోనే నాకు మా వదిన చెయ్యి గుర్తొచ్చింది.

మా అన్న జమ్మలమడుగులో పురోహితుడు. ఏటా మా నాన్న తద్దినం వాళ్లింట్లోనే పెడతాం. వంటంతా వదినదే. కోడలిగా వచ్చిన ఏడాది నుంచి ఆ రోజు వంట ఆమె ఇంకో చేతికి ఇవ్వలేదు. పోయినేడు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం పోయింది గానీ కుడి మణికట్టు నొప్పి పోలేదు. కత్తిపీట ముందు కూర్చుంటే కాయమీద పట్టు నిలవదు. ఈసారికి వంటామెను పిలుద్దామని అన్న అన్నాడు. "మామగారి తద్దినానికి బయటి మనిషి వండేటట్లయితే ఇంక ఈ ఇంట్లో నేనెందుకు?" అందట వదిన. ఆ మాట నాకు ఫోనులో చెబుతూ అన్న గొంతు తగ్గించాడు. ఒకసారి వంటామె వచ్చిందంటే మళ్లీ ఆ వంట వదిన చేతికి రాదని మా ముగ్గురికీ తెలుసు.

నేను కూరగాయలు తరిగే యంత్రం తెప్పించాను. చిన్న జాడీ, లోపల బ్లేడు, పైన మోటారు. మీట నొక్కితే ముక్కలవుతాయి, కొబ్బరి కూడా కోరవుతుంది. మా ఆవిడ వాళ్లమ్మకు బాగాలేక పుట్టింట్లో ఉంది, తద్దినానికి ముందురోజు నేనొక్కణ్నే దాన్ని తీసుకెళ్లి నడవలో కూర్చుని చూపించాను. వదిన అరటికాయ ముక్కలు వేసి ఎడమచేత్తో మీట నొక్కింది. "బాగుందప్పా" అంది. ఆమె ముఖం చూసి నాకు సంతోషమేసింది. నా జన్మకు ఒక్క మంచి వస్తువైనా కొన్నాననుకున్నాను.

మర్నాడు పొద్దున వదిన తలస్నానం చేసి తడిచీరతో వంటింట్లోకి వెళ్లింది. అన్న, నేను తడిపంచెలతో వాకిట్లో దర్భలు సర్దుతున్నాం. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"ఇదేందప్పా, నొక్కితే మూలగనన్నా మూలగదు?"

వెళ్లి చూస్తే యంత్రం నుంచి నీళ్లు కారుతున్నాయి. మడి వంటింట్లోకి కొత్త వస్తువేదైనా నీళ్లలో ముంచే తేవాలి. ఇత్తడి గిన్నె అయినా, గరిటె అయినా అంతే. వదిన దాన్నీ బక్కెట్లో మూడుసార్లు ముంచి తీసింది.

"మోటారును నీళ్లలో ముంచుతారా ఎవరన్నా?" అని అరిచాను.

"ముంచకుండా మడిలోకి తెస్తారా ఎవురన్నా? నువ్వీ ఇంట్లో పుట్టినోడివే గదా, నీకు తెలీదా?"

తెలుసు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కొనేటప్పుడు ఆ ముక్క తట్టలేదు.

అన్న వాకిట్లోంచే అన్నాడు. "పదకొండుకు బ్రాహ్మలు భోజనానికొస్తారు. వంటామెకు కబురు పెడతాండా."

వదిన కత్తిపీట ముందుకు లాక్కుని ఎడమచేత్తో కాకరకాయ పట్టుకుంది. అది జారి పొయ్యి దాకా దొర్లింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, భుజంతో తుడుచుకుంది. తర్వాత నా తడిపంచె వైపు చూసింది.

"నువ్వూ మడితోనే ఉండావు గదా. కూచో."

కూర్చున్నాను. యాభై రెండేళ్ల వయసులో కత్తిపీట ముందు కూర్చోవడం అదే మొదలు. కాకరకాయ తరిగితే ఒక చక్రం కాగితమంత పలచన, ఇంకోటి వేలంత మందం. వదిన తప్పెంచలేదు. అన్న వచ్చి గడపలో నిలబడ్డాడు. వదిన పొయ్యి వైపు తిరిగే మాట్లాడింది.

"ఇరవై ఆరేండ్లు ఒక్కదాన్నే చేస్తి. మడి కట్టుకున్న చేతులు ఇంకో నాలుగు ఈ ఇంట్లోనే ఉండె. నాకు అడగాలని తోచల్యా, మీకు చేయాలని తోచల్యా."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు, అంత సిగ్గేసింది. అన్న కబురు పెట్టలేదు. లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. రోజూ దేవుడి ముందర కొబ్బరికాయలు కొట్టే మనిషి, చిప్పను చేతిలోకి తీసుకుని, దీన్ని కోరడమెట్లాగని అడిగాడు.