అద్దం ఎనుక గట్టయ్య

నాంపల్లి స్టేషన్ పక్క సందుల అద్దాలు కోసే గట్టయ్యకు తెల్వని అద్దం లేదు. చీరల దుకాణాలకు, మంగలి షాపులకు బిగించి బిగించి, అబిడ్స్‌ల సగం మంది మొఖాలు తన అద్దాలల్లనే చూసుకుంటరని ఆయన గొప్ప. ఉన్న మాటేనాయె, మనమెందుకు కాదనాలె? గసొంటి మనిషి నోరు ఒక్క అద్దం కాడనే మూతవడ్డది.

దగ్గరున్న కాలేజీల కొత్త ల్యాబ్ పెడుతున్నరు. జనం ఫోన్లు, మిషన్లు ఎట్ల వాడతరో, ఎక్కడ తిప్పలు పడతరో చూసే ల్యాబ్ అది. గోడలకు కెమెరాలు, బల్ల మీద రకరకాల ఫోన్లు, రెండు గదుల నడిమిట్ల ఈ అద్దం. వెలుతురు గదిల కూసున్నోళ్లకు అది ఉత్త అద్దం. ఎనుక చీకటి గదిల నిలవడ్డోళ్లకు కిటికీ! బిగించినంక అటుపోయి చూసి "ఓరి దేవుడా!" అని గట్టయ్య లెంపలేసుకున్నడు.

ల్యాబ్ చూసుకునే స్నేహ మేడం, ముందుగాల ఒక మామూలు మనిషితోని పరీక్ష చేద్దామన్నది. అప్పుడే అన్నం డబ్బా పట్టుకొని గట్టయ్య భార్య కిష్టవ్వ వచ్చింది.

"దానికేం రాదు మేడం," అన్నడు గట్టయ్య.

ఈ మాట ఆయనకు ఊతపదం. కరీంనగర్ల బిడ్డ అక్షితకు మొన్ననే పాప పుట్టింది. మనుమరాలిని ఫోన్ల చూడాలంటే కిష్టవ్వ పొద్దూకి మొగడొచ్చేదాక ఆగాలె. తన ఫోన్ తను ముట్టుకున్నా "ఖరాబ్ చేస్తవ్, ఇటు తే" అని గుంజుకుంటడు. ఆ తల్లి పానం ఎంత కొట్టుకుంటదో చెప్పున్రి!

"రానోళ్లే కావాలి మాకు," అని మేడం నవ్వింది. "మీరు నాతో చీకటి గదిల ఉండండి. వెలుతురు మాత్రం రానియ్యొద్దు, పడితే అటు కనిపిస్తం."

కిష్టవ్వను వెలుతురు గదిల కూసోవెట్టి ఒక తీరు కండ్లద్దాలు పెట్టిన్రు. ఆమె చూసేదంత చీకటి గదిలున్న మసక తెర మీద కనిపిస్తది, ఆమె చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఎర్ర చుక్క పడ్తది. గట్టయ్య తెర దగ్గరికి జరిగిండు. ఇన్నేండ్లు కాపురం చేసిండు గని, ఆమె దేని దిక్కు చూస్తదో ఒక్కనాడన్న చూసిండా?

పని ఒక్కటే. తన ఫోన్‌తోని, ఇష్టమున్నోళ్లకు వీడియో కాల్ చెయ్యాలె. ఎట్లనో ఎవ్వరూ చెప్పరు.

చుక్క అటు పాయె, ఇటు పాయె. కిష్టవ్వ ఏదో నొక్కితే ఇంకేదో తెరుచుకున్నది. బిత్తరపోయి తలుపు దిక్కు చూసింది. చుక్క తలుపు మీదనే ఆగింది. తన కోసమే చూస్తున్నదని గట్టయ్యకు సమజైంది. సాయానికి లేచిన చెయ్యి అద్దానికి తగిలి ఆగింది.

కిష్టవ్వ కొంగుతోని చెమట తుడుసుకొని మళ్ల మొదలువెట్టింది. ఈసారి పేర్లు, ఫోటోలు వచ్చినయి. చుక్క అక్షిత ఫోటో మీద నిలవడ్డది. "నొక్కు, నొక్కవే," అని గట్టయ్య లోపల్లోపల మొక్కుకున్నడు. చుక్క కదిలింది. మెల్లగ కిందికి దిగి, మీసాలున్న ఫోటో మీద ఆగింది.

గట్టయ్య జేబుల ఫోన్ మోగింది.

లైట్ వెయ్యొద్దని యాదికున్నది గని, ఫోన్ సంగతే మరిచిండు. ఆగమాగం తీసి ఎత్తంగనే దాని వెలుతురంత మొఖం మీద పడ్డది. అద్దంల మొగని మొఖం తేలంగనే "అవ్వో!" అని కిష్టవ్వ కుర్చీలకెల్లి లేచింది.

"బిడ్డకు చెయ్యక నాకెందుకే?" అన్నడు గట్టయ్య ఫోన్ల.

"బిడ్డకు ఇగ రోజూ చేస్త," అన్నది కిష్టవ్వ, అద్దం దిక్కే చూసుకుంట. "రాదు రాదు అంటివి గద. ముందుగాల నీకే చూపియ్యాలనిపించింది."

తెర మీద ఎర్ర చుక్క గట్టయ్య మొఖం మీదికెల్లి కదలలేదు.

"వస్తదే," అన్నడాయన. "నీకు వస్తది."