నూకరత్నం హాజరు

మొన్న సోమవారం ఉదయం పదిన్నరకు నూకరత్నం పదో తరగతి హాల్ టికెట్ అందుకుంది. ఓపెన్ స్కూల్లో కట్టిన పరీక్ష. వయసు నలభై నాలుగు. సంతకం చేయాల్సిన చోట ‘క్యాండిడేట్’ అని అచ్చువేసి ఉంది.

ఆ మాట చూడగానే, పక్కనే ఉన్న నేను మా తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లిపోయాను...

మా చిన్నప్పుడు, ఓడలరేవు దగ్గర మా హైస్కూల్లో, హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్’ అనేవాళ్లం కాదు. ఇంగ్లీషు చెప్పే సుగుణ టీచరుగారి పద్ధతి వేరు. చదువుకునేవాళ్లకు ఇంగ్లీషులో ఉన్న మాటల్లోంచి ఆ రోజుకు మనకు తగినది ఎంచుకుని పలకాలి.

ఇంకా పక్కన కూర్చుని ఒకరు నేర్పాల్సి ఉంటే ‘ప్యూపిల్’. ఇంటి దగ్గర తనంతట తాను పుస్తకం తీసి చదివితే ‘స్టూడెంట్’. బడి బయట ఏదైనా పని నేర్చుకుని వస్తే ‘లెర్నర్’. పరీక్ష రోజున మాత్రం అందరూ ‘క్యాండిడేట్’లే. ‘స్కాలర్’ అని ఇంకోటి ఉండేది... దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు.

"నన్ను నేనే ఇంకా అనుకోలేదమ్మా ఆ మాట," అనేవారు టీచరుగారు. వాళ్లమ్మ ఊడ్పులకు వెళ్లి ఆవిడను చదివించిందట.

ఎవరైనా లేని గొప్పకు పోయి పెద్ద మాట పలికితే తిట్టేవారు కాదు. పెన్ను ఆపి ఒకసారి చూసేవారు. అంతే... కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చేది. కొబ్బరాకుల నీడ రిజిస్టరు మీద అటూ ఇటూ కదిలేది...

నూకరత్నం నా బెంచీయే. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. దసరా సెలవుల్లో వాళ్లమ్మ కాలు విరిగి మంచం పట్టింది. అమ్మ బదులు నూకరత్నం రొయ్యల షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టింది. బడికి చాలా రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే పదో తరగతి పరీక్ష ఉండదు. అది మా ఇద్దరికీ తెలుసు.

ఒక సాయంత్రం షెడ్డుకు వెళ్లాను. ఐసునీళ్లలో నాని దాని వేళ్లు తెల్లబడ్డాయి. రొయ్యల తలలు తీస్తూనే అడిగింది.

"టీచరుగారు నా పేరు పిలుస్తున్నారా?"

"ఆయ్, రోజూ పిలుస్తున్నారు."

"ఎవరు పలుకుతున్నారు?"

"ఎవరు పలుకుతారే? నువ్వు లేవుగా."

"నువ్వున్నావుగా. పక్కనే కూర్చుని బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటావేంటే?"

ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "ఇలాంటివి కిలోకి నలభై తూగుతాయి. కాటా అక్కర్లేదు నాకు. ఈ వారమే నేర్చుకున్నాను. లెర్నర్ అని చెప్పు."

మర్నాడు దాని పేరు పిలవగానే చెప్పాను. "దీనికి రెండు నోళ్లొచ్చేయండి టీచరుగారూ," అంది వెనక బెంచీ. క్లాసంతా నవ్వింది. టీచరుగారు నవ్వలేదు. ఏం నేర్చుకుందో అడిగారు. విన్నారు. హాజరు వేయలేదు... గైరుహాజరు పక్కనే పెన్సిలుతో ‘ఎల్’ అని చిన్నగా రాసుకున్నారు.

అలా ఇరవై రోజులు. సాయంత్రం షెడ్డు, పొద్దున్న హాజరు. తెగిన వలకు ముడి వేయడం... ఐసు కరగకుండా రంపంపొట్టు కప్పడం... చంద్రుణ్ణి చూసి పోటు వేళ చెప్పడం...

ఒక సాయంత్రం వాన. నేను వెళ్లలేదు. అది ఏం నేర్చుకుందో తెలియదు. అయినా మర్నాడు దాని పేరుకు లేచి, వరస తెగకూడదని, గట్టిగా ‘స్టూడెంట్’ అని పలికాను. వరండాలో వెళ్తున్న హెడ్మాస్టరుగారు ఆగారు.

"పిలిచింది నిన్ను కాదు కదమ్మా. ఆ పిల్లేదీ?"

రిజిస్టరు తెప్పించుకున్నారు. "ఈ పెన్సిలు గుర్తులేంటండీ?"

"నేర్చుకున్నవండి. షెడ్డులో."

"దానికి మన రిజిస్టరులో గడి లేదండి," అని ఎర్ర సిరాతో పేరు కొట్టేశారు.

నేను నోరు మూసుకుని ఉంటే ఆయన దాటి వెళ్లిపోయేవారు.

మళ్లీ చేర్చాలంటే తండ్రి వచ్చి సంతకం పెట్టాలి. ఆయన వేట నుంచి వచ్చేసరికి అర్ధసంవత్సర పరీక్షలు అయిపోయాయి. ఇంక చాల్లే అన్నాడు. ఆ వేసవిలో టీచరుగారికి కె.గంగవరం వైపు బదిలీ అయింది.

తర్వాత అమలాపురం కాలేజీలో నన్ను ఫ్రెషర్ అన్నారు. బస్సులో వెళ్లొస్తాను కనుక డే స్కాలర్ అన్నారు. పత్రికలో చేరాక ట్రైనీ అన్నారు. ఆ పైన నేనే ఎందరి గురించో ‘డ్రాపౌట్’ అని వార్తల్లో రాశాను. రాసిన ప్రతిసారీ ఆ ఎర్ర గీత కనబడేది...

ఇప్పుడు బళ్లో హాజరు ఫోనులో పడుతోంది. ముఖం చూపిస్తే చాలు. పిల్లలు ఏమీ పలకక్కర్లేదు... మీ బళ్లో ఏమని పలికేవారు? మీ పేరు ఇవాళ పిలిస్తే ఏ మాట ఎంచుకుంటారు? కింద రాయండి.

నూకరత్నం ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పేది అదే. సూపర్‌వైజరు పనికి మాత్రం టెన్త్ ఉండాలన్నారట.

రేపు ఇంగ్లీషు పరీక్ష. రిటైరైన టీచరుగారు కొత్తపేట నుంచి వస్తున్నారు. పరీక్ష రాసే బడి గేటు దగ్గర ఒకసారి దాని పేరు పిలుస్తానన్నారు.

నన్నూ రమ్మంది నూకరత్నం.

"నువ్వు మాత్రం నోరు తెరవకే. ఈసారి నేనున్నాను."

పేరు పిలిచేది ఎనిమిదిన్నరకు. పరీక్ష తొమ్మిదింటికి.