చెవులు మూసుకుని కురవి దాకా

మానుకోట (మహబూబాబాద్) నుంచి కురవికి కాలినడకన పోవాలనుకుంటున్నానని ఒక పాఠకుడు రాశాడు. బయటి చప్పుడు బొత్తిగా రానివ్వని, పాటలు వినే చెవి బుడిపెలు కొత్తగా కొన్నాడట, దారిలో వినడానికి ఏం పెట్టుకుంటే బాగుంటుందని అడిగాడు. నేను ఆ దారిన నడిచింది ఒక్కసారే, ఎనభైల నడుమ. అప్పుడు నా చెవుల్లోనూ అలాంటివే ఉన్నాయి. కాబట్టి ఈ విషయంలో సలహా చెప్పే అర్హత నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

జనగామలో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చిన కొత్త. కొడుక్కు నౌకరీ వస్తే కురవి వీరభద్రస్వామికి వెండి కోరమీసాలు పెట్టిస్తానని, కొడుకే మానుకోట నుంచి నడిచొచ్చి సమర్పిస్తాడని అమ్మ మొక్కుకుంది. మొక్కు ఆమెది, కాళ్ళు నావి. నన్ను ఎవరూ అడగలేదు. అదే నెలలో మా బావ మస్కట్ నుంచి ఒక వాక్‌మన్ తెచ్చిచ్చాడు. ఊళ్ళో ఒకరిద్దరి దగ్గర తల మీదుగా పెట్టుకునే స్పాంజి గుండ్లున్న రకం చూశాను గానీ, దీనివి చెవి రంధ్రంలోకి దూరిపోయే రబ్బరు బుడిపెలు. పెట్టుకుంటే పక్కన డప్పు కొట్టినా తెలియదు. ప్రయాణంలో పక్కవాళ్ళు ఏ ఊరు, ఎవరి కొడుకువు, పెళ్ళెప్పుడు అని మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. దానికి మందు దొరికిందని సంబరపడ్డాను.

తెల్లవారుజామున జనగామలో పాసింజరు ఎక్కాను. టికెట్టు పది రూపాయల లోపే అని గుర్తు. కాజీపేటలో బండి తీరిగ్గా నిలబడి, తొమ్మిదిన్నరకు మానుకోటలో దింపింది. స్టేషన్ బయట హోటల్లో ఇడ్లీ తిని చాయ్ తాగుతూ దారి అడిగితే హోటలాయన, "కురవికి బస్సున్నది గదన్న, పదకొండింటికి. ఎండల నడుసుడెందుకు?" అన్నాడు. మొక్కు అని చెప్పాను. "గట్లనా. అయితె ఎండ ముదరకముందే కదులు. తొవ్వ పొంటి బావులు తవ్వుతున్నరు, జర..." ఆ 'జర' తర్వాత ఏమన్నాడో నాకు తెలియదు. అప్పటికే రెండో బుడిపె కూడా పెట్టేసుకున్నాను. అర్థమైనట్టు తలూపి బయలుదేరాను.

దారి పది పన్నెండు కిలోమీటర్లుంటుంది. ఎర్రనేల, తాటిచెట్లు, అక్కడక్కడ ఇంకా రాలని మోదుగపూలు. ఎండాకాలం మొదలు కాబట్టి చేలు ఖాళీగా ఉన్నాయి. చెవుల్లో పాటలు, జేబులో పసుపుగుడ్డలో చుట్టిన వెండి మీసాలు. ఎద్దులబండి నా పక్క నుంచి పోతే దుమ్ము కనిపించింది గానీ గజ్జెలు వినిపించలేదు. బండి మీది ముసలాయన ఏదో అడిగాడు, నేను నవ్వి ఊరుకున్నాను. అంత హాయిగా అంతకుముందు ఎప్పుడూ నడవలేదని ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఇంకో మూడు కిలోమీటర్లుందనగా రోడ్డు మధ్యలో కర్రకు కట్టిన ఎర్రగుడ్డ కనబడింది. జాతర అయి నెల కూడా కాలేదు, స్వామి జెండానే అనుకున్నాను. చెప్పులు విడిచి, గుడ్డ అంచు కళ్ళకద్దుకుని, మళ్ళీ చెప్పులు వేసుకుని ముందుకు నడిచాను. దూరంగా చేలో ఇద్దరు మనుషులు చేతులు ఊపుతున్నారు. నడిచొచ్చే భక్తుడంటే ఎంత మర్యాద అనుకుని నేనూ చెయ్యి ఊపాను. కాళ్ళకు రెండుసార్లు ఏదో అదురు తెలిసింది గానీ పాటలోని దరువే అనుకున్నాను. పాతిక అడుగులు వేశానో లేదో, ఎవరో వెనక నుంచి నా కాలరు పట్టి గుంజారు. నలభై ఏళ్ళ ఆడమనిషి. నోరు కదులుతోంది, నాకు పాటే వినబడుతోంది. ఆమె నన్ను రోడ్డు పక్క మోరీ కాలవలోకి తోసి, తనూ దూకి, నా తల కిందికి అదిమి పట్టింది. కాళ్ళ కింద నేల అదిరింది. ఆ పెనుగులాటలో బుడిపెలు ఊడిపోయాయి. తర్వాతి పేలుడు నిండుగా విన్నాను. గుమ్మడికాయంత రాయి ఒకటి నేను నడవాల్సిన చోట పడి రెండు ముక్కలైంది.

"చెవుల్లేవా పిలగా నీకు? గొంతు పోయేటట్టు ఒర్లిన గద! ఎర్రగుడ్డకు మొక్కి మరీ వస్తివి!" అందామె. తిట్టడానికి ఊపిరి చాలక మధ్యలోనే ఆగిపోయింది.

ఆమె పేరు సమ్మక్క. భర్త ఎల్లయ్య బావి మేస్త్రి. ఆ చేలో బావికి అడుగున బండ తగిలింది. బండకు ఏడు గుంటలు కొట్టి, పేలుడు మందు కూరి, వత్తులు అంటించి అందరూ దూరంగా వచ్చేశారు. ఏడు పేలితేనే కూలీలు మళ్ళీ బావిలోకి దిగుతారు. ఒక్కటి తగ్గినా పేలని మందు కింద ఉన్నట్టే. ఇరవై ఏళ్ళ పేలుళ్ళకు ఎల్లయ్య చెవులు పోయాయి, దగ్గరికొచ్చి అరిస్తే కొంత అందుతుంది. అందుకని లెక్క సమ్మక్కది. ఒక్కో పేలుడుకు ఒక్కో గులకరాయి కొంగులో వేసుకుంటుంది.

రాళ్ళ వాన ఆగాక ఎల్లయ్య వచ్చి, "ఎన్నయినయే?" అన్నాడు. సమ్మక్క కొంగు విప్పి చూపింది. అందులో రెండే రాళ్ళున్నాయి. "రెండు దాక ఏసిన. గీ పిలగాని కోసం ఉరికినంక నాకు సోయి లేదు," అని అతని చెవి దగ్గర అరిచి చెప్పింది. నాకు చేతులూపిన కూలీలు ఇద్దరూ వచ్చారు. నన్ను ఆపే కంగారులో వాళ్ళ లెక్కా కుదరలేదు, ఒకతను ఏడు పేలాయన్నాడు, ఇంకొకతను ఆరే అన్నాడు. "అనుమానమొస్తె తక్కువ లెక్కనే పట్టాలె. ఎవ్వలు దిగొద్దు," అన్నాడు ఎల్లయ్య.

అప్పుడు అతని చూపు నా మెడలో వేలాడుతున్న బుడిపెల మీద పడింది. "నీకు గూడ ఇనవడదా తమ్మి? గీ మిషన్ యాడ దొరికింది? దవాఖానల ఇచ్చిండ్రా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఒకటి తీసి చెవిలో పెట్టుకున్నాడు. పాట ఇంకా నడుస్తూనే ఉంది, నేను చప్పుడు పెంచాను. అతని ముఖం వెలిగిపోయింది. "పాటొస్తుందే!" అన్నాడు భార్యతో. ఆమె ఏదో అంది. అతను చెవి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూశాడు. "గని నీ మాట వస్తలేదేంది?" అన్నాడు. ఇది మాటలు వినిపించే యంత్రం కాదని, పాటలు తప్ప ఇంకేమీ వినబడకుండా చేసేదని నేను చెబితే సమ్మక్క అతని చెవిలో అరిచి చెప్పింది. అతను బుడిపె తీసి, చొక్కాకు తుడిచి, నా చేతికిచ్చాడు. "మంచిగున్న చెవులు మూసుకునుడెందుకు?" అన్నాడు. అందులో ఎగతాళి లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"నువ్వు పో తమ్మి, నీ మొక్కున్నది," అన్నారు. వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వేపచెట్టు కింద వాళ్ళతో పాటే కూర్చున్నాను. జొన్నగటక, పచ్చిపులుసు నాకూ పెట్టారు. సమ్మక్క సరిగా తినలేదు. "లెక్క దప్పితె కూలోళ్ళను దింపడు, ఆయినే దిగుతడు. గదే నా భయం," అంది. మూడు గంటలకు ఎల్లయ్య ఒక్కడే తాడు పట్టుకుని దిగాడు. మమ్మల్ని దూరంగా ఉండమన్నా సమ్మక్క మాత్రం గట్టుకు దగ్గరగానే నిలబడింది. కొంగులోని రెండు రాళ్ళూ అలాగే పిడికిట్లో ఉన్నాయి. ఆ అరగంటలో ఎక్కడో పిట్ట అరిచినా ఉలిక్కిపడ్డాను. తాడు కదిలింది, అతని తలపాగా కనబడింది. "ఒకటున్నది. వత్తి ఆరింది. నీళ్ళు పోసొచ్చిన," అన్నాడు. సమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎల్లయ్య మళ్ళీ దిగి, పేలని మందును నీళ్ళతో కడిగి తీసేసి, మిగిలిన బండకు కొత్తగా రెండు గుంటలు కొట్టి, మందు కూరి పైకి వచ్చేసరికి అయిదు దాటింది. వత్తులు అంటించే ముందు సమ్మక్క రెండు గులకరాళ్ళు నా అరచేతిలో పెట్టింది. "గీసారి నువ్వు లెక్కవెట్టు," అంది. వాక్‌మన్ సంచి అడుగున పడేసి, మోరీలో కూర్చున్నాను. మొదటిది పేలింది. ఒక రాయి కింద పెట్టాను. తర్వాత ఏమీ లేదు. ఎక్కడో మేక అరిచింది, పక్కన సమ్మక్క గాజులు ఒకదానికొకటి తగలడం కూడా వినబడింది. అంత శ్రద్ధగా నేను ఏదీ ఎప్పుడూ వినలేదు. రెండోది పేలింది. లేచి నిలబడి రెండు వేళ్ళు పైకెత్తి చూపాను. అవతలి గట్టు మీద నుంచి ఎల్లయ్య నా వేళ్ళ వైపు చూశాడు. ఇంకెవరినీ అడగలేదు. పొగ పోయేదాకా ఆగి, తాడు పట్టుకుని దిగాడు.

గుడికి చేరేసరికి దీపాలు పెట్టారు. వెండి మీసాలు పూజారి చేతికిచ్చి, రేపట్నుంచి సమ్మక్క లెక్క తప్పకుండా చూడమని స్వామిని అడిగాను. ఉద్యోగం సంగతి గుర్తే రాలేదు. రాత్రి బస్సులో మానుకోటకు తిరిగొస్తుంటే పక్క సీటు పెద్దాయన ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఎవరి కొడుకువన్నాడు, అదీ చెప్పాను. అప్పట్నుంచి ఇప్పటిదాకా పాటలు ఇంట్లో కూర్చునే వింటున్నాను. బయటి చప్పుడు నాకు అడ్డమని అనుకునేవాణ్ణి. అందులో నన్ను బతికించడానికి అరుస్తున్న గొంతు కూడా ఉంటుందని ఆ మోరీలోనే తెలిసింది.

ఇప్పుడు మానుకోట నుంచి కురవికి ఆటోలు, బస్సులు బోలెడు. నడిచేవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరితే ఎండ పడదు. చెవి బుడిపెలు మాత్రం గుడి చేరేదాకా సంచిలోనే ఉంచుకోండి. దారిలో ఎర్రగుడ్డ కనబడితే దండం తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఆగండి.