అన్న కంప్యూటర్‌ను మళ్లీ పుట్టించిన వైనం

ఉద్యమం రోజుల్లో మా తార్నాకలో కోపానికి కరువుండేది కాదు. క్యాంపస్ గేటు మూస్తే కోపం, చౌరస్తాలో బస్సులాపితే కోపం, టియర్ గ్యాస్‌కు కళ్లు మండితే కోపం. నాకైతే ఇవేవీ లేని రోజున కూడా వచ్చేది. (అన్నిటినీ సమర్థించుకున్నాను గానీ, ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.)

మాకో సీనియర్ ఉండేవాడు, అన్న అనేవాళ్లం. వాళ్లమ్మ పొలంలో వాడే మాటలు పోగేసి థీసిస్ రాస్తున్నాడు. డిపార్ట్‌మెంట్‌లోని ముసలి కంప్యూటర్లో తప్ప ఎక్కడా తెరుచుకోని పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో దాన్ని కొట్టేవాడు. ముందరివన్నీ ప్రింటు తీసి, చివరి అధ్యాయం మిగిలుండగా ఆ కంప్యూటర్ చచ్చింది. సోమవారంతో గడువు సరి. నేను రొమ్ము విరుచుకుని నా ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టాను. అంటే, కంప్యూటర్ కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ అన్నమాట. అందులో ఆనాటి సిస్టం, ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మొదటిరోజే ఒక స్నాప్‌షాట్ దాచాను. ఎప్పుడు చెడినా ఒక్క నొక్కుతో ఆ రోజుకి వెనక్కి వెళ్లిపోవచ్చు.

వారంపాటు అన్న హాస్టల్ నుంచి మా ఇంటికి నడిచొచ్చి టైపు చేశాడు. మా అమ్మ (గోదావరి వైపు మనిషి) ముందు ఆయనకు కాఫీ ఇచ్చి తర్వాత నాకిచ్చేది. దానికీ నాకు కోపమే. ఫ్లాపీలో కాపీ పెట్టుకుందామా అని అన్న అడిగితే, ఈ రోజుల్లో ఫ్లాపీలేమిటని నవ్వాను.

శనివారం మధ్యాహ్నం తెర బిగుసుకుపోయింది.

"జర ఆగు తమ్మీ, గది ముసల్ది. మెల్లగ కదుల్తది," అన్నాడు అన్న.

ఆగడం నా ఒంట్లో లేదు. "మీరుండండన్నా, పుట్టినప్పుడెలా ఉందో అలా చేసేస్తా," అని నొక్కాను. చేసేశాను. అచ్చం పుట్టినప్పటిలాగే, ఒక్క అక్షరం ఎరగకుండా లేచి కూర్చుంది. వారం రోజుల టైపింగ్ గాల్లో కలిసింది.

తప్పు నాదని తెలిసిన క్షణాన నాకు అన్న మీద కోపమొచ్చింది. సేవ్ చేయలేదా అని అరిచాను. పది నిమిషాలకోసారి చేశాడట, పాపం, అంతా ఆ ఉత్తుత్తి కడుపులోనే. బయట ఇంకో కాపీ పెట్టుకోవాలని తెలీదా అని మళ్లీ అరిచాను. ఆయన చేత్తో రాసుకున్న కాగితాలు మళ్లీ వరసగా పేర్చుకున్నాడు.

"నువ్వు చెప్పలే కద తమ్మీ," అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేను ఇంకాస్త అరిచి తప్పించుకునేవాణ్ణి. వంటింట్లోంచి అమ్మ వచ్చి, నోరు మూసుకుని కూర్చుని టైపు చెయ్యమంది.

ఆదివారమంతా అన్న తన కాగితాలు చూసి చదువుతుంటే నేను కొట్టాను. గుంటుక అంటే ఏమిటని అడిగితే, చాప మీదే మోకాళ్లపై కూర్చుని రెండు చేతులతో దున్నిన నేలను చదును చేస్తున్నట్టు చూపించాడు. సాయంత్రానికి అధ్యాయం పూర్తయింది. సోమవారం ప్రింటు పట్టుకుని వెళితే క్యాంపస్ బంద్, గేటుకి తాళం, గడువు పదిహేను రోజులు పొడిగించారట. నాకు ఒళ్లు మండిపోయింది. అన్న మాత్రం ఆ కాగితాల కట్ట నా చేతిలో పెట్టాడు.

"గివి నీ తాననే ఉండనియ్యి. పైలం," అని జాగ్రత్త చెప్పి, గేటు దగ్గర నినాదాలిస్తున్న వాళ్లలో కలిసిపోయాడు.

వారం పనిని నిమిషంలో మింగినవాడికే మళ్లీ అప్పగించాడు. గేటు పక్కన నిలబడి ఏడ్చాను. (టియర్ గ్యాస్ అని ఇంట్లో చెప్పాను.)

ఆ వర్చువల్ మెషీన్‌ను ల్యాప్‌టాప్ మార్చిన ప్రతిసారీ వెంట తెచ్చుకుంటున్నాను, మూడు చోట్ల కాపీలతో సహా. అప్పుడప్పుడు తెరిచి ఆ అధ్యాయం చదువుకుంటాను. ఒక్కోసారి తెర బిగుసుకుపోతుంది. నీకింత ఓపిక ఎప్పుడొచ్చిందని మా ఆవిడ ఆశ్చర్యపోతుంది. నేను చేతులు కట్టుకుని ఆగుతాను. మెల్లగా కదులుతుంది.