మౌనంలో కుళ్ళాయప్ప

కుళ్ళాయప్ప ధ్యానానికి ఎందుకు వచ్చినట్టు? నాకు ఇప్పటికీ తెలియదు.

సోమందేపల్లె దగ్గర ఒక రేకుల షెడ్డులో మేం పదిమందిమి పది రోజులు మౌనంగా కూర్చోవాలి. అతను వేరుశనగ రైతు. రెండేళ్లుగా వానలు లేక విత్తనం వేయలేదు. మాలో కదలకుండా కూర్చోగలిగింది అతనొక్కడే.

ఐదోనాటి ఉదయం రేకుల మీద పెద్దవాన మొదలైంది.

"శబ్దాన్ని గమనించండి, అంతే," అన్నారు గురువుగారు.

వాన వెలిసింది. కుళ్ళాయప్ప నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇత్తనానికి నేల పదును రెండు దినాలే ఉంటాదన్నా. ఇత్తనం బుడ్డలు ఇంట్లోనే ఉండాయి. నేనీడ శబ్దం గమనిస్తా కూచుంటే చేను ఎవురు గమనిస్తారు? పోదునా, ఉందునా?"

జవాబిస్తే నా మౌనం పోతుంది. ఇవ్వకపోతే అతని పంట పోతుందేమో. ఏదీ తేల్చుకోలేక కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి అతను చెప్పులు చేతబట్టుకుని, బురదలో గేటు దాటి, వెనక్కి చూడకుండా పోతున్నాడు.