అవ్వకు చెప్పని మాట

నా చదువు పదో తరగతితోనే ఆగింది. వైద్య పదాలన్నీ ఆసిఫాబాద్ గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. కిందటి వానాకాలం అవ్వను జ్వరంతో ఆసుపత్రిలో చేర్చాం. బయట ముసురు. మంచానికి వేలాడుతున్న కేస్ షీటు చదువుతుంటే, నేర్చుకున్న పదాలన్నీ అందులో ఎదురై కలలో నడుస్తున్నట్టు అనిపించింది. ‘మందుల అలర్జీ: లేదు’ అన్నచోట ఉలిక్కిపడ్డాను. పెన్సిలిన్ సూదికి అవ్వ ఒకసారి ఊపిరాడక అల్లాడింది. నర్సమ్మ ఆ మందే సిరంజిలోకి తీస్తోంది.

“అక్కా, ఆగు! అవ్వకు పెన్సిలిన్ పడది!”

“నువ్వేమన్న డాక్టర్‌వా తమ్మీ?” అంటూనే ఆమె ఆగింది. “అవ్వా, అలర్జీ ఉందా అంటే లేదంటివి గదా?”

“గదేందో పెద్ద రోగమనుకున్న బిడ్డా. ఉన్నదంటే మంచిర్యాల పెద్ద దవఖానకు తోలుతరని భయమైంది.”

నర్సమ్మ కేస్ షీటును ఎర్ర సిరాతో దిద్దింది. నేను తలదించుకున్నాను. అన్ని మాటలు నేర్చినవాణ్ణి, ఒక్కటైనా అవ్వకు చెప్పలేదు.